77 నిమిషాల పొడవున ఒకే పాట: సింఫనిక్ ప్రోగ్రెసివ్ రాక్‌లో ఆకర్షణ ఎక్కడుంది?

ప్రశ్న: బ్రాడీపేట శ్రోత, గుంటూరు

నాకు అలవాటైన సంగీతం సినిమా పాట. పల్లవి, రెండు మూడు చరణాలు, మధ్యలో వాద్యాలు, అంతా కలిపి ఐదు నిమిషాలు. ఈ మధ్య మా మేనల్లుడు ట్రాన్స్‌అట్లాంటిక్ అనే బృందం 2009లో విడుదల చేసిన ‘ద వర్ల్‌విండ్’ ఆల్బమ్ వినమని పట్టుబట్టాడు. అందులోని 12 భాగాలూ కలిసి ఒకే పాట అనీ, దాని నిడివి సుమారు 77 నిమిషాలనీ చెప్పాడు. నాకు తీరిక దొరికినప్పుడల్లా ఒక్కొక్క భాగం విన్నాను. కొన్నిచోట్ల బాణీ ఎంతో మధురంగా ఉంది, కొన్నిచోట్ల వాద్యకారులు తమ నైపుణ్యం చూపించుకోవడానికే వాయిస్తున్నారేమో అనిపించింది. ఈ తరహా సంగీతాన్ని ప్రేమించేవారు ఇందులో ఏమి వింటున్నారో, అన్ని భాగాలను ఒకే పాటగా కట్టవలసిన అవసరం ఏమిటో తెలిసినవారు వివరించగలరా?

జవాబు: బందరు రోడ్డు, విజయవాడ

మీరు భాగాలను విడివిడిగా విన్నారు కాబట్టి, ఈ ఆల్బమ్‌లో అసలైన విషయం మీకు ఇంకా వినిపించే అవకాశం రాలేదు. ఈ తరహా సంగీతాన్ని సింఫనిక్ ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. సింఫనిక్ అన్నంత మాత్రాన వెనకాల పెద్ద ఆర్కెస్ట్రా ఉండాలని లేదు. ఒక బాణీని మొదట పరిచయం చేసి, దాన్ని దూరంగా తీసుకెళ్లి, వేరే వేగంలో, వేరే వాద్యం మీద, వేరే భావంతో తిరిగి తీసుకువచ్చే నిర్మాణ పద్ధతి సింఫనీ నుంచి, అంటే ఆర్కెస్ట్రా కోసం రాసే, పలు భాగాలున్న పాశ్చాత్య శాస్త్రీయ రచన నుంచి వచ్చింది. 1830లో ఫ్రెంచ్ స్వరకర్త బెర్లియోజ్ తన ‘సింఫనీ ఫాంటాస్టిక్’లో ఒకే బాణీని ఐదు భాగాల్లోనూ రూపం మార్చి వినిపించాడు. ఈ రాక్ బృందాలు చేసే పని కూడా అదే.

‘ద వర్ల్‌విండ్’ (అంటే సుడిగాలి) మొదటి భాగమైన ఓవర్చర్‌లో, అంటే ప్రారంభ వాద్య సంగీతంలో, ముందు ముందు రాబోయే బాణీల ముక్కలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మొదటిసారి విన్నప్పుడు అవి అతుకుల బొంతలాగా అనిపించడం సహజం, ఎందుకంటే వాటికి అర్థం ఇంకా ఏర్పడలేదు. గంట గడిచాక, ఆ ముక్కల్లో ఒక్కొక్కటి తనదైన పాటగా, తనదైన మాటలతో మనకు పరిచయమైన తర్వాత, చివరి భాగంలో సుడిగాలి బాణీ మళ్లీ వస్తుంది. ఆ క్షణంలో మనం వింటున్నది ఆ బాణీని మాత్రమే కాదు, అంతవరకు అది మనతో కలిసి చేసిన ప్రయాణమంతటినీ వింటున్నాం. ఐదు నిమిషాల పాటకు ఎంత గొప్ప బాణీ ఉన్నా ఈ అనుభవాన్ని ఇవ్వలేదని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే శ్రోత ఒక బాణీని మరిచిపోవడానికి కావలసినంత సమయం అందులో ఉండదు.

పొడవుకు మరొక కారణం సీడీ. 1972లో యెస్ బృందం ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ పాటతో ఎల్‌పీ రికార్డులో ఒక వైపంతా నింపినప్పుడు కూడా అది 19 నిమిషాలు దాటలేదు. అదే ఏడాది జెథ్రో టల్ బృందం ఆల్బమ్ మొత్తాన్ని ఒకే పాటగా చేసినా, మధ్యలో శ్రోత లేచి రికార్డు తిప్పవలసి వచ్చింది. 80 నిమిషాల దాకా పట్టే సీడీ వచ్చాకనే ఇంత పెద్ద రచనను ఎక్కడా తెగకుండా వినిపించడం సాధ్యమైంది. మీ ఫోన్‌లోని యాప్‌లో షఫుల్ ఆపి, భాగాల మధ్య ఖాళీ రాకుండా చూసుకొని, మొదటి నుంచి చివరి వరకు ఒకసారి వినండి.

జవాబు: వయొలిన్ విద్యార్థిని, విజయవాడ

కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న నాకు ఈ తరహా రాక్‌లో మొదట పరిచితంగా తోచింది లయ. పాశ్చాత్యులు ఏడు ఎనిమిదవ వంతులుగా లెక్కించే నడకలను ఈ బృందాలు విరివిగా వాడతాయి, మనం ‘తకిట తకధిమి’ అని మిశ్రచాపు వేసుకుంటూ వింటే చాలాసార్లు అవి చేతికి అందుతాయి. రాగం తానం పల్లవిలో ఒక చిన్న పల్లవి వాక్యాన్ని నెరవల్ చేసి (అవే మాటలను రకరకాలుగా విస్తరించి), త్రికాలంలో (మూడు వేగాల్లో) పాడి, స్వరకల్పన తర్వాత మళ్లీ ఎత్తుకున్నప్పుడు కలిగే తృప్తికీ, పై జవాబులో చెప్పిన పునరాగమనానికీ దగ్గరి పోలిక ఉంది.

అయితే తేడా కూడా గమనించాలి. మన కచేరీలో తంబురా శ్రుతి మొదటి నుంచి చివరి వరకు కదలదు, గ్రహభేదం చేసినా, అంటే వేరే స్వరాన్ని షడ్జంగా తీసుకున్నా, విద్వాంసులు కొద్దిసేపటికే వెనక్కి వచ్చేస్తారు. ఈ సంగీతంలో ఆధార షడ్జమే (‘స’) మారిపోతూ ఉంటుంది. బాణీలోని స్వరాలు అవే ఉన్నా, వాటి కింద కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) మారితే సంతోషంగా విన్న వాక్యమే దిగులుగా వినిపిస్తుంది. మనవాళ్లు గమకంతో సాధించేదాన్ని వాళ్లు ఎక్కువగా హార్మనీతో సాధిస్తారు. ఈ ఒక్క విషయం మీద చెవి పెడితే, వ్యర్థంగా తోచిన చాలా వాద్యభాగాలకు కారణం దొరుకుతుంది.

జవాబు: సత్యనారాయణపురం, విజయవాడ

పైవారి అభిమానాన్ని గౌరవిస్తూనే నా అభ్యంతరం చెబుతాను. హామండ్ ఆర్గన్, మూగ్ సింథసైజర్, ఒక్కొక్క మెట్టుకు సుమారు ఎనిమిది సెకన్ల టేపు ముక్క వాయించే మెలోట్రాన్, ఇవన్నీ 1970ల నాటి ధ్వనులు. కొత్త బృందాలు వాటిని ఇంత భక్తితో వాడుతుంటే, ఆనాడు ముందుకు సాగడమే లక్ష్యంగా పుట్టిన శైలి ఈనాడు జ్ఞాపకాల మీద బతుకుతున్నదేమో అనిపిస్తుంది. 77 నిమిషాల్లో కనీసం పదిహేను నిమిషాలు తగ్గించినా ఆ రచన బలం పెరిగేదని నా అభిప్రాయం. కొత్తగా వినేవారికి నేను ఇదే శైలి సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ 2013లో చేసిన ‘ద రేవెన్ దట్ రెఫ్యూజ్డ్ టు సింగ్’ ఇస్తాను. అందులో ఆరు పాటలే ఉన్నాయి, మొత్తం గంటలోపే ముగుస్తుంది. ఆలన్ పార్సన్స్ రికార్డింగ్ ఇంజనీరుగా పనిచేయడం వల్ల ప్రతి వాద్యమూ తన చోట స్పష్టంగా నిలబడుతుంది.

జవాబు: బందరు రోడ్డు, విజయవాడ

వాద్యాల విషయంలో మీరు చెప్పింది నిజమే, కానీ వాయించే మనుషులను కూడా చూడండి. ‘ద వర్ల్‌విండ్’లో డ్రమ్స్ వాయించిన మైక్ పోర్ట్‌నాయ్ డ్రీమ్ థియేటర్ బృందం నుంచి, అంటే హెవీ మెటల్ నేపథ్యం నుంచి వచ్చాడు. బేస్ వాయించిన పీట్ ట్రెవావస్ 1980లలో పేరు తెచ్చుకున్న మారిలియన్ బృందం సభ్యుడు. గిటార్ వాయించిన రోయినే స్టోల్ట్‌ది స్వీడన్, కీబోర్డు వాయించి పాడిన నీల్ మోర్స్‌ది అమెరికా. 2002లో మోర్స్ తన విశ్వాసానికి సంబంధించిన సంగీతం చేయడానికి తప్పుకోవడంతో బృందం ఆగిపోయి, ఈ ఆల్బమ్‌తోనే మళ్లీ కలిసింది. ఆ ఉత్సాహం వాయింపులో తెలుస్తుంది. 2010 పర్యటనలో, గాయకుడు డేనియల్ గిల్డెన్‌లోను తోడు తీసుకొని, వారు మొత్తం రచనను వేదిక మీద ఆపకుండా వాయించారు. లండన్ కచేరీ రికార్డింగ్ చూస్తే, ఇందులో ఎంత వినికిడి, ఎంత పరస్పర గౌరవం ఉన్నాయో కళ్లకు కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: బ్రాడీపేట శ్రోత, గుంటూరు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకొని మొత్తం విన్నాను. ‘ఈజ్ ఇట్ రియల్లీ హాపెనింగ్’ అనే భాగం మెల్లగా మొదలై క్రమంగా వేగం అందుకుంటున్నప్పుడు, మునుపు విడిగా విన్నప్పుడు లేని ఆత్రుత కలిగింది, ఎందుకంటే చివరి భాగానికి చేరువవుతున్నామని ఈసారి నాకు తెలుసు. సత్యనారాయణపురం వారితో ఒక విషయంలో ఏకీభవిస్తాను: మధ్యలో రెండు భాగాలు నాకు ఇప్పటికీ అవసరానికి మించి సాగినట్టే ఉన్నాయి. వయొలిన్ విద్యార్థిని గారు చెప్పిన షడ్జం మార్పును మాత్రం నేను ఇంకా స్పష్టంగా పట్టుకోలేకపోతున్నాను. చెవికి ఆ అభ్యాసం చేయించడానికి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

జవాబు: వయొలిన్ విద్యార్థిని, విజయవాడ

ఓవర్చర్‌ను మాత్రమే తీసుకొని, బేస్ గిటార్ ఏ స్వరం మీద విశ్రాంతి తీసుకుంటున్నదో నోటితో పాడుతూ వెంబడించండి. మీరు పట్టుకున్న స్వరం కింద సంగీతం ఇమడడం మానేసిన చోట షడ్జం మారిందని అనుమానించవచ్చు. అక్కడ ఆపి, కొత్త విశ్రాంతి స్వరాన్ని వెతుక్కొని ముందుకు వెళ్లండి. పై గిటార్‌ను, కీబోర్డును కొన్నాళ్లు పట్టించుకోకపోయినా నష్టం లేదు.