జనాభా లెక్కల్లో పేరు లేని గూడేనికి రోడ్డు ఏ లెక్కన వస్తుంది?

ప్రశ్న:
మాది పాడేరు ఏజెన్సీలో అరవై గడప ఉన్న గూడెం. మనుషులం 230 దాకా ఉంటాం. తారురోడ్డు ఎక్కాలంటే రెండు కిలోమీటర్లకు పైగా కొండదారిలో నడవాలి. నిండు చూలాలినైనా, జ్వరంతో ఉన్న ముసలివారినైనా డోలీ కట్టి మోసుకుపోవలసిందే. 2011 జనాభా లెక్కల్లో వెతికితే మా గూడెం పేరే లేదు. కింద ఉన్న పెద్ద ఊరి పేరు మాత్రం బస్సు సౌకర్యం ఉన్నట్టుగా కనిపించింది. రోడ్డు రావాలంటే 250 మంది ఉండాలంటున్నారు. మేము ఆ ఊరి లెక్కలో కలిసిపోయామా? తెలిసినవారు దయచేసి వివరించండి.

మొదటి జవాబు:
జనగణన రెవెన్యూ గ్రామాన్నే ప్రమాణంగా తీసుకుంటుందండి. ఒక గ్రామం కింద ఎన్ని గూడేలున్నా పేరూ కోడూ ఒక్కటే కనుక, మిమ్మల్ని లెక్కించి ఉంటారు గానీ విడిగా అచ్చువేయలేదు. సౌకర్యాల పట్టిక కూడా అంతే. ఊళ్లో బస్సు లేకపోతే అది అయిదు కిలోమీటర్లలోపు దొరుకుతుందా, పది లోపా, ఆపైనా అన్నది ఏ, బీ, సీ అక్షరాలతో చూపుతారు. పెద్ద ఊరికి బస్సు ఉంటే గ్రామం మొత్తానికీ ఉన్నట్టే నమోదవుతుంది.

రెండో జవాబు:
రోడ్డు లెక్క వేరు. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన చూసేది రెవెన్యూ గ్రామాన్ని కాదు, ఆవాసాన్ని, అంటే మీ గూడెంలా ఇళ్లు గుంపుగా ఉన్న చోటును. 2024 సెప్టెంబరులో ఆమోదం పొందిన నాలుగో దశలో, 2011 జనాభా ప్రకారం మైదానాల్లో 500 మంది, మీ ఏజెన్సీ వంటి అయిదో షెడ్యూలు గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉండాలి. అయితే చాలామంది గమనించని నిబంధన ఒకటుంది: కొండ ప్రాంతాల్లో కాలిదారిన కిలోమీటరున్నర లోపున్న ఆవాసాల జనాభాను కలిపి లెక్కించవచ్చు. మీకు అంత దగ్గరలో మరో గూడెం ఉందా? మీరు కొండరెడ్ల వంటి పీవీటీజీ (మరీ వెనుకబడినవిగా ప్రభుత్వం గుర్తించిన) తెగలవారైతే, ఆ తెగల కోసం 2023 నవంబరులో ప్రారంభమైన పీఎం జన్‌మన్ పథకం కింద 100 మంది ఉన్నా చాలు.

మూడో జవాబు:
రోడ్డు పడినంత మాత్రాన బస్సు వస్తుందని అనుకోకండి. మా ఊరికి తారు వేసి నాలుగేళ్లయినా జీపులూ ఆటోలే దిక్కు, ఎందుకంటే చివర బస్సు తిప్పుకునే చోటు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితమే అయినా, ఆ బస్సు ఆగే చోటు దాకా మా వాళ్లు ఆటోకు డబ్బిచ్చి వెళుతున్నారు. రోడ్డు ఎటు పోవాలో ఖరారు చేసే ముందు ఇంజనీర్లు గ్రామస్థులతో కలిసి దారి వెంట నడవాలన్నది సడక్ యోజన నియమమే. ఆ రోజు తప్పకుండా వెంట ఉండి, బస్సు తిరిగే స్థలం చూపించండి.

అడిగినవారు:
వాగు అవతల ఇరవై గడప ఉన్న గూడెం ఉంది, కాలిదారిన కిలోమీటరు కూడా ఉండదు. ఇన్నాళ్లూ ఎవరి అర్జీ వారే పెట్టుకున్నాం. వచ్చే గ్రామసభలో రెండు గూడేల పేర్లతో ఒకే అర్జీ ఇస్తాం. అందరికీ కృతజ్ఞతలు.