లోయ అనాలంటే ఎంత లోతుండాలి?

ఒక సందేహం. పాత స్థలాకృతి పటానికి తెలుగులో వివరణ రాస్తున్నాను. మైలుకు అంగుళం లెక్కన, అంటే 1:63,360 నిష్పత్తిలో గీసినది. నడుమ నది, అటూ ఇటూ పొలాలు, విసిరేసినట్టు పల్లెలు. శీర్షికలో 'నదీలోయ' అని రాస్తే ఒక స్నేహితుడు "ఇందులో లోయ ఎక్కడుంది?" అన్నాడు. బస్సులు పడే లోయ ఒక్కటే అతనికి లోయ! 'పరీవాహక ప్రాంతం' అని మార్చమంటున్నాడు. ఏమంటారు?

↳ మార్చకండి. సింధులోయ నాగరికత అని అందరం చదువుకున్నాం కదా, మొహెంజొదారో ఉన్నది మైదానంలోనే. పరీవాహక ప్రాంతం అసలు వేరే సంగతి. ఏ నేల మీద పడ్డ వాన చివరికి ఆ నదిలో కలుస్తుందో ఆ నేలంతా దాని కిందికే వస్తుంది. వాన నీరు ఇటు జారాలా అటు జారాలా అని తేల్చే మిట్టే దానికి హద్దు. ఆ మిట్ట మీ కాగితంలో పట్టిందో లేదో చూసుకోండి ముందు.

↳ సమోన్నత రేఖలు ఎలా ఉన్నాయి? (సమ + ఉన్నత, గుణసంధి. ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ పటంలో గీసే గీతలు, వాడుకలో కాంటూరు రేఖలే అనుకోండి.) గీతలు ఒత్తుగా ఉంటే నిట్రవాలు, దూరదూరంగా ఉంటే వాలీవాలని నేల. రెండోదైతే మీ స్నేహితుడి కంటికి లోయ ఆనకపోవడంలో వింత లేదు. ఇంకొకటి, ఏరు దాటేచోట గీత మొనదేలి వంగుతుంది. ఆ మొన చూపేది ఎగువ దిక్కు. బాణం గుర్తనుకుని నేను చాన్నాళ్లు ఏళ్లను కొండెక్కించాను.

↳ 'స్థలాకృతి' నోటికి బరువు. 'మిట్టపల్లాల పటం' అంటే ఎవరికైనా తెలుస్తుంది. నీరు పల్లమెరుగు అన్నారు కదా, లోయను కూడా 'ఏటి పల్లం' అనేయండి.

↳ మిట్టపల్లాలు బాగుంది. ఏటి పల్లంతోనే చిక్కు. పల్లం, మెరక అనగానే రైతుకు గుర్తొచ్చేది వరిచేను, మెట్టచేను. పక్కనే పొలాలు కూడా ఉన్నాయంటున్నారు, మాట అటు లాగేస్తుంది.

↳ అడిగినవాణ్ణే. గీతలు దూరంగానే ఉన్నాయి. శీర్షికలో నదీలోయ ఉంచాను, పల్లాన్ని లోపలికి తెచ్చుకున్నాను: "ఊరు దాటాక గీతలు ఎడమై, నేల ఏటివైపు పల్లానికి దిగుతుంది." స్నేహితుడు చదివి, "ఎడమవైపుకా?" అన్నాడు. 'ఎడంగా జరిగి' అని దిద్దాను.