మనీ ప్లాంట్ కణుపుల్లో తెల్లటి దూది, తుడిచినా మళ్ళీ వస్తోంది

కిటికీ పక్క తీగ:
మా హాల్లో కిటికీ పక్కన మనీ ప్లాంట్ ఉంది. అమ్మ తన కుండీలోంచి తుంచి ఇచ్చిన చిన్న తీగ, ఇప్పుడు కర్టెన్ రాడ్ దాకా పాకింది. కొన్నాళ్ళుగా ఆకు కాడ మొదట్లో, సరిగ్గా కణుపు దగ్గర, దూది అంటుకున్నట్టు తెల్లగా కనిపిస్తోంది. తడి గుడ్డతో తుడిస్తే పోతుంది, వారం తిరిగేసరికి మళ్ళీ అదే. కింది ఆకులు జిగురుగా ఉంటున్నాయి, కుండీ అంచున చీమలు బారులు కడుతున్నాయి. లేత ఆకులు వంకరగా విచ్చుకుంటున్నాయి. పక్కనే జేడ్ మొక్క ఉంది, దానికీ పాకుతుందేమోనని టెన్షన్. ఇంట్లో ఘాటు పురుగుమందులు కొట్టడం నాకిష్టం లేదు. తీగంతా కోసేయాల్సిందేనా?

పచ్చాకు:
వేపనూనె కొట్టండి, పోతుంది.

మట్టివేళ్ళు:
కోయకండి. మీరు చెప్పిన దూది, జిగురు, చీమలు, మూడూ పిండినల్లి (మీలీబగ్) అనే పురుగు గుర్తులే. వేపనూనె మంచిదే కానీ ఒక్కసారి కొట్టి వదిలేస్తే లాభం లేదు. ఎందుకో చెప్తాను.

ఆ దూదిలో చాలా భాగం గుడ్ల సంచి. ఒక్కో ఆడ పురుగు వందల గుడ్లు పెట్టగలదు. పైన మైనం ఉండటంతో నీళ్ళు, మందు జారిపోతాయి. గుడ్లు మామూలుగా వారం, రెండు వారాల్లో పొదుగుతాయి. పిల్లలు కంటికి ఆననంత చిన్నవి, ఒంటి మీద ఇంకా తెల్లటి పొడి ఉండదు, నడుచుకుంటూ వెళ్ళి కొత్త కణుపు వెతుక్కుంటాయి. తుడిచిన చోట శుభ్రంగానే కనిపిస్తుంది, ఈలోగా ఇవి పక్క ఆకు కింద చేరి ఉంటాయి. కాబట్టి ఏ మందైనా వారానికోసారి, కనీసం నెల పాటు వాడాలి. పురుగు కనబడటం ఆగాక కూడా ఇంకో రెండుసార్లు చేయండి. చాలామంది సరిగ్గా అక్కడే ఆపేస్తారు, నాకు బాధనిపించేది అదే.

ముందు జేడ్‌కి దూరంగా జరపండి. పురుగు బాగా పట్టిన కొసలు కత్తిరించి కవర్లో కట్టి పారేయండి. తర్వాత 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్ బడ్ ముంచి ఒక్కో తెల్ల మచ్చకీ అద్దండి. మైనం కరిగి పురుగు రంగు మారుతుంది, అప్పుడు తేలిగ్గా ఊడొస్తుంది. ముందు ఒక ఆకు మీద రాసి ఒక రోజు ఆగి చూడండి. కిటికీ తెరిచి ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు. ఇది విసుగు పుట్టించే పనే, కానీ ఇంట్లో ఒకటి రెండు మొక్కలకి దీన్ని మించిన పద్ధతి లేదని నా నమ్మకం.

వేపనూనె లీటరు గోరువెచ్చటి నీళ్ళకి 5 మి.లీ. చాలు. ముందు కొన్ని చుక్కల లిక్విడ్ సబ్బు కలపండి, లేకపోతే నూనె పైనే తేలుతుంది. ఆకుల అడుగున, కణుపుల్లో తడిసేలా సాయంత్రం పూట కొట్టండి. నూనె పట్టిన ఆకు మీద ఎండ పడితే మాడుతుంది. కలిపింది ఆ రోజే వాడేయాలి.

చీమల్ని వదిలేయొద్దు. ఆ జిగురు వాటికి తిండి, అందుకే నల్లిని తినే పురుగుల్ని దగ్గరికి రానివ్వవు. నీళ్ళ పళ్ళెంలో రాయి పెట్టి దాని మీద కుండీ పెట్టండి, వేళ్ళు నీళ్ళకి తగలకూడదు. జిగురు మీద నల్లటి మసి పట్టినా తడి గుడ్డతో వచ్చేస్తుంది.

కిటికీ పక్క తీగ:
చాలా థాంక్సండీ, ఇంత ఓపిగ్గా రాసినందుకు. ఇప్పుడే జేడ్ చూశాను, కొమ్మ చీలిక దగ్గర రెండు మూడు తెల్ల మచ్చలున్నాయి. దానికీ వేపనూనె కొట్టొచ్చా?

మట్టివేళ్ళు:
వద్దండి. జేడ్ ఆకు పైన మైనం పొర ఉంటుంది, సబ్బూ నూనే దానికి పడవు, మచ్చలు పడి ఆకులు రాలొచ్చు. దానికి ఇయర్ బడ్ ఒక్కటే, అదీ పురుగు మీద మాత్రమే.

నీడలో మొక్కలు:
ఒకసారి కుండీలోంచి మట్టిగడ్డ లేపి చూడండి. వేళ్ళకీ కుండీ గోడకీ మధ్య తెల్లటి పొడిలా ఉంటే పురుగు వేళ్ళకీ పట్టినట్టే, పైన ఎంత కొట్టినా తిరిగొస్తుంది. వేళ్ళు కడిగి, కుండీ సబ్బుతో రుద్ది, కొత్త మట్టిలో నాటాలి. ఈలోగా యూరియా లాంటి నత్రజని ఎరువు వేయకండి, లేత చిగుళ్ళు ఎక్కువొస్తే పురుగుకి ఇంకా అనువు.

అమ్మగారి తీగ అన్నారు కదా, పురుగు లేని కొస ఒకటి, రెండు కణుపులు ఉండేలా తుంచి, బాగా కడిగి వేరే గదిలో నీళ్ళ సీసాలో పెట్టండి. నీళ్ళు వారానికోసారి మార్చండి, కణుపుల్ని రోజూ గమనిస్తూ ఉండండి.