లేబుల్ ఫైల్లో తెలుగు, ఒడియా అక్షరాలు కర్వ్స్ చేసి ఇవ్వాలా, వద్దా?

బరంపురం_పచ్చళ్లు:
ఆవకాయ సీసాలకు లేబుళ్లు వేయించాలి. ఇంగ్లీషు ఎలాగూ ఉండాలి, దాంతో పాటు తెలుగు, ఒడియా కూడా పెట్టించాం. ప్రెస్సాయనేమో అక్షరాలన్నీ కర్వ్స్ చేసి, అంటే టైపు అక్షరాల్లా కాకుండా గీసిన బొమ్మల్లా మార్చి పంపమంటున్నాడు. డిజైన్ చేసిన మా మరిది మాత్రం, "కర్వ్స్ చేస్తే రేపు ఎమ్మార్పీ మార్చాలన్నా కుదరదు వదినా, ఫాంట్ ఎంబెడ్ చేసిన, అంటే ఫైల్లోనే పొదిగిన పీడీఎఫ్ చాలు" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పర్లాకిమిడి_డీటీపీ:
కర్వ్సే చేయించండమ్మా. పీడీఎఫ్ పీడీఎఫ్‌లా ఉన్నంతసేపు మీ మరిది మాట నిజమే. కానీ ఒక షీటు మీద లేబుళ్లన్నీ పేర్చడానికి ఆపరేటరు దాన్ని కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచాడంటే, ఆ ఫాంట్ అక్కడ లేకపోతే ఇంకోటొచ్చి కూర్చుంటుంది. వెల్లుల్లి కాస్తా వెల్‌లుల్‌లి అవుతుంది. తెలుగు రానివాడికి అదేం తెలుస్తుంది? అక్షరాలు మార్చుకోగలిగే లైవ్ ఫైలు మీ దగ్గర దాచుకోండి, ప్రెస్సుకు కర్వ్స్ కాపీ ఇవ్వండి.

రాయగడ_గ్రాఫిక్స్:
కర్వ్స్ చేస్తే అన్నీ సర్దుకుంటాయన్నట్టు చెప్పకండి గురూ. ఇలస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్‌లో మన లిపుల్ని సరిగ్గా కూర్చే సౌత్ ఏషియన్ కంపోజర్ సెట్టింగ్ పెట్టకపోతే వత్తులు టైపు చేసేటప్పుడే విడిపోతాయి. వాటిని కర్వ్స్ చేస్తే ఆ తప్పు అలాగే గడ్డకట్టి కూర్చుంటుంది, ఆఖర్లో ఎవరైనా పట్టుకున్నా ఆ ఫైల్లో సరిచేయలేరు. చిన్న అక్షరాలు ఒక్కోసారి లావెక్కుతాయి కూడా. అచ్చు కోసమే ఉన్న పీడీఎఫ్ రకం, పీడీఎఫ్ ఎక్స్‌లో ఫాంట్లన్నీ ఎంబెడ్ అయి ఉండాలన్నది నియమం. దాన్ని కోరల్‌లో తెరిచి పాడుచేయడం ప్రెస్సు తప్పు. దానికి మనకు శిక్ష ఎందుకు పడాలి?

పర్లాకిమిడి_డీటీపీ:
తప్పు ప్రెస్సుదే కావచ్చు, సీసా మీద పేరు ఆవిడది కదా.

జైపూర్_లేబుల్స్:
మీ ఇద్దరి గొడవలో అసలు సంగతి పక్కకు పోయింది. ఎమ్మార్పీ, బ్యాచ్ నంబరు, ప్యాకింగ్ తేదీ ఆర్ట్‌వర్క్‌లోనే ఉండకూడదు. వాటిని తర్వాత స్టాంపు వేసుకోవడానికి తెల్లటి ఖాళీ గడి ఒకటి వదిలి, అక్కడ వార్నిష్, లామినేషన్ రాకుండా చూడమని ప్రెస్సుకు రాసివ్వాలి. లేకపోతే స్టాంపు సిరా ఆరక, చెయ్యి తగిలితే చాలు చెరిగిపోతుంది. ఇక రేటు మారిందని ఫైలు ముట్టుకునే పనే ఉండదు, కర్వ్స్‌కి ఉన్న పెద్ద అభ్యంతరమూ పోతుంది.

నన్నడిగితే ఫాంట్ కంటే నలుపుతోనే ఎక్కువ టెన్షన్. ఆర్‌జీబీలో (తెర మీది రంగుల పద్ధతి) చేసిన ఫైలును సీఎంవైకేకి (అచ్చులో వాడే నాలుగు ఇంకుల పద్ధతి) మారిస్తే నల్లక్షరం నాలుగు ఇంకుల మిశ్రమం అయిపోతుంది. అచ్చులో ఒక రంగు వెంట్రుకవాసి జరిగినా, పదార్థాల పట్టికలో ప్రతి అక్షరానికీ ఎర్రటి నీడో నీలపు నీడో పడుతుంది. చిన్న అక్షరాలకు 'కే' (నలుపు ఇంకు) 100 శాతం, మిగతా మూడూ సున్నా. బార్‌కోడ్‌కీ అంతే. ఆవకాయ కదా అని గీతలకు ఎరుపు వేస్తారు కొందరు! స్కానర్ కాంతి ఎరుపే కాబట్టి ఆ గీతలు దానికి కనబడవు. 13 అంకెల బార్‌కోడ్ అసలు సైజు 37.29 మి.మీ. వెడల్పు, 80 శాతం కంటే తగ్గించొద్దు. బ్లీడ్, అంటే కటింగ్ గీత దాటి బయటికి రంగు సాగే అంచు, 3 మి.మీ. వదలండి, అక్షరాలు కటింగ్ గీతకు 3 మి.మీ. లోపలే ఆపండి.

ఇంకోటి, నూనె సరుకు కాబట్టి మామూలు కాగితం వద్దు, ఫిల్మ్ లేబుల్ అడగండి.

బరంపురం_పచ్చళ్లు:
మరిదికి చూపించాను. ఎమ్మార్పీకి ఖాళీ గడి వదులుతానన్నాడు, కర్వ్స్‌కీ ఒప్పుకున్నాడు. తెలుగు నేను చూసుకుంటాను. ఇంట్లో ఒడియా గడగడా మాట్లాడతాం గానీ, అక్షరదోషాలు పట్టేంతగా చదివేవాళ్లు లేరు.

రాయగడ_గ్రాఫిక్స్:
నేనింకా పీడీఎఫ్ పక్షమే. ఒడియా ప్రూఫ్ నాకు పంపండి, మా ఆవిడ అక్కడి బడిలోనే చదువుకుంది, చూసిపెడుతుంది. కర్వ్స్ చేశాక వచ్చిన ఫైలే పంపండి, దానికి ముందుది కాదు. వాట్సాప్‌లో ఫోటో మాత్రం వద్దు.