చెరువు "దెప్పలుగ" నిండిందా, "గుప్పలుగ" నిండిందా?

పలూస్ పిట్ట:
రాత్రి నుంచీ ఒక్క అక్షరం దగ్గర ఇరుక్కుపోయాను, ఎవరైనా తేల్చండి. "ఎప్పుడు సంపద గలిగిన నప్పుడు బంధువులు వత్తురు" అనే సుమతీ శతకం పద్యం అందరికీ నోటికి వచ్చిందే. నా అనుమానం మూడో పాదం మొదటి అక్షరం మీద. మా నాన్న "గుప్పలుగ జెరువు నిండిన" అని చదివేవారు, నా చెవిలో అదే ఉండిపోయింది. నిన్న ఫోన్లో మా అక్క "గుప్పలేంట్రా, దెప్పలుగ" అంది. నీళ్లు కుప్పలుగా ఎలా నిండుతాయని తను, తెప్పలుగా నిండడమంటే ఏమిటని నేను, అరగంట గడిచింది.

పద్యం ఎందుకు గుర్తొచ్చిందో కూడా చెప్తాను. నేను చదివింది అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో, పుల్‌మన్ అనే చిన్న ఊరు, చుట్టూ గోధుమ గుట్టలు. అప్పటి నుంచీ మా కాలేజీ జట్టు కూగర్స్ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. 2022, 2023లో మా క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడు, కామ్ వార్డ్. 2024కి మయామీ యూనివర్సిటీకి వెళ్లాడు, 2025లో ప్రొఫెషనల్ జట్లు కొత్తవాళ్లని ఎంచుకునే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పేరు అతనిదే. అతని తర్వాత జాన్ మటీర్ 2024 సీజన్ అంతా మమ్మల్ని భుజాన మోశాడు, ఆ డిసెంబర్లోనే ఓక్లహోమాకి వెళ్లిపోయాడు. అదే నెలలో కోచ్ వేక్ ఫారెస్ట్‌కి. మా స్నేహితుల గ్రూపులో ఒకతను మటీర్ గురించి "నిండిన చెరువుకే కప్పలు చేరతాయి" అని రాశాడు. నాకు చాలా బాధేసింది. పద్యం మొత్తం రాసి జవాబిద్దామని కూర్చుంటే మూడో పాదం దగ్గర చెయ్యి ఆగిపోయింది.

కందపద్య ప్రియ:
ఛందస్సుతో ఇది తేలదండీ. గుప్పలు, దెప్పలు రెండూ భగణాలే, ప్పకార ప్రాస రెండింటికీ కుదురుతుంది, కందంలో మూడో పాదానికి యతి లేదు. పైన "ఎట్లన్నన్" ద్రుతాంతం, అంటే నకారంతో ముగిసే మాట, కాబట్టి కకారం గకారమవుతుంది, తకారం దకారమవుతుంది. మీ నాన్నగారిదీ మీ అక్కగారిదీ రెండూ వ్యాకరణానికి ఒప్పుకున్నవే. అసలు ఈ పద్యంలో అందం చూడాలంటే రెండో పాదం యతి చూడాలి. "నప్పుడు", "రది", పైకి నకారం రేఫ, లోపల అప్పుడు, అది. అచ్చులు కలిశాయి. ఇంత మామూలు మాటల్లో ఇంత పని చేసినవాడు మూడో పాదంలో అజాగ్రత్తగా మాట వేస్తాడని నేననుకోను.

తిరుచానూరు వాసి:
దెప్పలుగానే, అనుమానం వద్దు. తెప్ప అంటే తెప్పే. ఫాల్గుణంలో తిరుమల పుష్కరిణిలో స్వామివారి తెప్పోత్సవం చూసినవాళ్లకి వివరించక్కర్లేదు. తెప్పలు తేలేంత లోతుగా చెరువు నిండితే అని భావం. నీటికి కొలత చెప్పే మాట అది. కుప్ప వడ్లకు, పేడకు, చెత్తకు. నీటికి కాదు.

సవరణ సత్యం:
తెప్పలు తేలేంత అయితే "తెప్పలు దేల" అనేవాడు కదండీ. "తెప్పలుగ" అన్నాడు, అంటే ఎలా నిండిందో చెప్తున్నాడు. మీరంతా ఒక మాట మర్చిపోతున్నారు: కుప్పలుతెప్పలు. "ఫిర్యాదులు కుప్పలుతెప్పలుగా వచ్చాయి" అని రోజూ పేపర్లో చదివే మాటే. ఆ జంటలో తెప్ప పడవ ఎలా అవుతుంది? విస్తారం అన్న అర్థమే. పలూస్ గారి నాన్నగారి చెవిలో ఆ జంటమాటే ఉండి, మొదటి సగం నోటికి వచ్చిందని నా నమ్మకం.

తిరుచానూరు వాసి:
ఆ జంటలో రెండోది ప్రాస కోసం వేసిన ఊతమాట కాకూడదా? పిల్లాజెల్లాలో జెల్లాకి అర్థం వెతుకుతామా?

సవరణ సత్యం:
జెల్లాతో పద్యపాదం ఎవరూ మొదలుపెట్టరు కదా. తెప్పలుగతో ఇక్కడ పెట్టారు.

హూజియర్ బాబాయి:
నేను ఇండియానాలో ఉంటాను, కాలేజీ ఫుట్‌బాల్ పిచ్చి నాకూ ఉంది కాబట్టి మధ్యలో వస్తున్నాను. మా ఇండియానా జట్టు 2023లో 3 గెలిచి 9 ఓడింది. 2024లో కర్ట్ సిగ్నెట్టి కోచ్‌గా వచ్చాడు, జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ నుంచి తన పాత ఆటగాళ్లు 13 మంది వెంట వచ్చారు, ఆ ఏడాదే 11 గెలిచి 2 ఓడాం. ఆ 13 మంది వచ్చినప్పుడు మా చెరువులో చుక్క నీరు లేదు. వాళ్లు వచ్చాకే నిండింది. అందుకే నాకు తెప్ప, కుప్ప కన్నా నాలుగో పాదంలో "చేరు" మీద అనుమానం. కప్పలు ఎక్కడి నుంచో వచ్చి చేరవు. ఎండాకాలమంతా అడుగు బురదలోనే ఉండి, వాన పడగానే పైకి వస్తాయి. పల్లెలో పెరిగినవాళ్లకి తెలుసు. మనకి కనపడనంత మాత్రాన లేవని కాదు.

కందపద్య ప్రియ:
బాగుంది కానీ కవి "చేరు" అన్నాడు, "లేచు" అనలేదు. పైన బంధువులు "వత్తురు" అన్నాక కింద కప్పలు కూడా రావాలి, లేకపోతే పోలిక చెడుతుంది.

పలూస్ పిట్ట:
బాబాయిగారూ, బురద మాట నా గుండెకి తగిలింది. కామ్ వార్డ్ సంగతి అచ్చం అదే. టెక్సస్‌లో అతని హైస్కూల్ జట్టు బంతి విసరడం తక్కువ, పరుగు ఆటే ఎక్కువ. అందుకే పెద్ద కాలేజీల వాళ్లెవరూ కన్నెత్తి చూడలేదు. స్కాలర్‌షిప్ ఇస్తామన్నది శాన్ ఆంటోనియోలోని ఇన్‌కార్నెట్ వర్డ్ ఒక్కటే. అక్కడి కోచ్ ఎరిక్ మోరిస్ మా పుల్‌మన్‌కి వస్తే, అతని వెంట తనూ వచ్చాడు. పేరు లేనప్పుడు మా దగ్గరికి వచ్చిన పిల్లవాడు పేరు వచ్చాక వెళ్తే కప్ప అయిపోతాడా? ఇంకో సంగతి, మా చెరువు దానంతటది ఎండలేదు. మా కాలేజీల కూటమి (కాన్ఫరెన్స్) పాక్-12 నుంచి 2022 జూన్‌లో యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ వెళ్తామన్నాయి, 2023 ఆగస్టులో ఒరెగాన్, మా ఎదురింటి వాషింగ్టన్ యూనివర్సిటీ వెళ్తామన్నాయి, చివరికి అందులో మేమూ ఒరెగాన్ స్టేటూ ఇద్దరమే మిగిలాం. టీవీ డబ్బు కోసం గట్టు తెంచుకుపోయింది పెద్దవాళ్లు. వాళ్లని ఎవరూ కప్పలు అనలేదు. పందొమ్మిది, ఇరవయ్యేళ్ల పిల్లల్ని అంటున్నారు.

ఓరుగల్లు ఆడపడుచు:
అన్నా, మీ బాధ అర్థమైంది గాని నేను వేరే పద్యం దగ్గరికి పోతా. 2021 జులై 1 నుంచి కాలేజీ పిల్లలు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చన్నారు. 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా ఇస్తున్నాయి, మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా అని పరిమితి పెట్టారు. ఇవన్నీ చదివినప్పుడల్లా మా బమ్మెర పోతన్నే యాదికొస్తడు. "ఇమ్మనుజేశ్వరాధముల కిచ్చి పురంబులు వాహనంబులున్ సొమ్ములుఁ గొన్ని పుచ్చుకొని". పురాలు, వాహనాలు, సొమ్ములు! ఇప్పుడు ఆటగాళ్లకిచ్చే కార్లు, ఇళ్లు, చెక్కులు ఆ వరసలోనే లేవా? ఆట కోసం ఆడే కాలం ఒకటి ఉండె, అది పోయిందని నాకు నిజంగానే దుఃఖం.

సవరణ సత్యం:
ఆ పద్యంలో తర్వాతి మాట "సొక్కి"నా, "చొక్కి"నా? మీ ఊరి పాఠం ఏమిటమ్మా?

ఓరుగల్లు ఆడపడుచు:
మా తాత "సొక్కి" అనే చదివేటోడు. సొమ్ములు, సొక్కి, పక్కపక్కన వినడానికే అందం.

సవరణ సత్యం:
నేను నేర్చుకున్నది చొక్కి. అర్థం ఒకటే, మైమరచి. కానీ మీరన్న సొమ్ములు, సొక్కి వరస వింటే నా పాఠం మీద నాకే పట్టు సడలుతోంది.

పల్నాటి పెద్దయ్య:
పోతన గారికి నేనూ దణ్ణం పెడతాను. కానీ ఆయన పొలం దున్నుకుని బతికాడని చెప్పుకుంటాం. ఈ పిల్లల్లో చాలామందికి ఆ పొలం కూడా లేదమ్మా. మా శ్రీనాథుణ్ణి చూడండి. కొండవీడులో విద్యాధికారి. ఆ రాజ్యం పోయాక ఊరుకున్నాడా? ప్రౌఢదేవరాయల సభలో గౌడ డిండిమభట్టుని ఓడించి కనకాభిషేకం చేయించుకున్నాడు, రాజమహేంద్రవరం రెడ్ల దగ్గరికి వెళ్లాడు. ఎక్కడ ఆదరణ ఉంటే అక్కడికి. అందుకని ఆయన సీసపద్యం ఒక్కటైనా తేలిపోయిందా? చివరి రోజుల్లో పన్ను కట్టలేక ఎండలో నిలబడ్డ కథ కూడా ఆయనదే. నాలుగు డబ్బులు వచ్చేటప్పుడు దాచుకోనివ్వండి అంటాను నేను. కోచ్‌లు కాంట్రాక్టు మధ్యలో వెళ్లిపోవచ్చు, 2021 దాకా ఫుట్‌బాల్ పిల్లవాడు మాత్రం కాలేజీ మారితే ఒక ఏడాది ఊరికే కూర్చోవాలి. అది ఏ ధర్మం?

ఓరుగల్లు ఆడపడుచు:
పెద్దయ్యా, కూర్చోవుడు అన్యాయమే, ఒప్పుకుంటా. కాని ఏటా ఒక ఊరు మారితే ఆ ఊరివాళ్ల ప్రేమ సంగతేంది? శ్రీనాథుని మీద నాకు కోపం లేదు. పోతన్న మీద ప్రేమ తగ్గదు.

తెనాలి మాస్టారు:
నాది వేరే సందేహం. ఈ ఆటల వార్తల్లో "ఎలిజిబిలిటీ అయిపోయింది" అంటారు. దీన్ని "అర్హత అయిపోయింది" అని తెలుగు చేస్తే నా చెవికి మింగుడు పడదు. మన భాషలో అర్హత ఉంటుంది, లేకపోతే ఉండదు, ఖర్చవదు. వాళ్లకది సంచిలో గవ్వల్లాంటిది. అయిదేళ్ల గడువులో నాలుగు సీజన్లు ఆడాలి, ఒక్కో ఏడాదికి ఒక్కో గవ్వ తీసి ఇవ్వాలి. దీనికి "ఆటయేళ్లు" అంటే ఎలా ఉంటుంది? "అతనికి ఇంకా రెండు ఆటయేళ్లున్నాయి." మన పల్లె క్రికెట్ టోర్నమెంట్లలో అర్హత అంటే ఊరు. పోస్టర్ మీద "ఆధార్ కార్డు తప్పనిసరి, బయటి ఊరి ఆటగాళ్లకు ప్రవేశం లేదు" అని వేస్తారు. అది ఎవరు అనే ప్రశ్న. వాళ్లది ఎంత మిగిలింది అనే ప్రశ్న.

నాష్‌విల్ నాని:
మాస్టారూ, గవ్వల పోలిక మా వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వాళ్లకి బాగా తెలుసు. మా క్వార్టర్‌బ్యాక్ డియెగో పావియా ముందు న్యూ మెక్సికోలో రెండేళ్ల జూనియర్ కాలేజీలో ఆడాడు, తర్వాత న్యూ మెక్సికో స్టేట్, 2024లో మా దగ్గరికి. ఆ అక్టోబర్ 5న ఒకటో ర్యాంకు అలబామాని 40-35తో కొట్టాం, ఆ రాత్రి నేను ఇంటికి రాలేదు. జూనియర్ కాలేజీలో ఆడినవి కూడా లెక్కే, నీకు ఇక ఆట లేదని కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ వాళ్లు అన్నారు. కోర్టుకెళ్లాడు. 2024 డిసెంబర్లో జడ్జి ఆపుదల ఉత్తర్వు ఇచ్చాడు, 2025లో మళ్లీ మాకే ఆడాడు. గవ్వలు ఎన్ని ఖర్చయ్యాయో లెక్కపెట్టే చెయ్యి ఎవరిది అన్నదే గొడవంతా. ఇంకోటి, రెడ్‌షర్ట్‌ని ఏమంటారు? ఎర్రచొక్కా అంటే మనవాళ్లు వేరే అనుకుంటారు.

తెనాలి మాస్టారు:
ఏడాదంతా జట్టుతో ఉండి సాధన చేస్తూ, ఆటయేడు ఖర్చు కాకుండా దాచుకోవడం కదా. ఫుట్‌బాల్లో 2018 నుంచి నాలుగు మ్యాచ్‌ల దాకా ఆడినా దాచుకోవచ్చట. "దాపుడేడు" అందామా? ధాన్యం దాచినట్టు.

సవరణ సత్యం:
దాపుడు అనగానే దాపరికం తడుతుంది. "నిలవేడు" అనండి. నిలవ పచ్చడి, నిలవ బియ్యం. ఊరితే విలువ పెరిగేది.

కందపద్య ప్రియ:
నిలవేడు వినడానికి నిలువెత్తు లాగా ఉంది. నాకు నచ్చలేదు.

హూజియర్ బాబాయి:
పలూస్ గారూ, ఇంతకీ మీ గ్రూపులో ఏం రాశారు?

పలూస్ పిట్ట:
పద్యం రాయలేదండీ. 2024 సెప్టెంబర్ 14 ఆపిల్ కప్, అంటే మాకూ వాషింగ్టన్ యూనివర్సిటీకీ జరిగే పోటీ, వీడియో పెట్టాను. సియాటిల్లో, వాషింగ్టన్ మీద 24-19. చివర్లో వాళ్లు గోల్ గీతకి గజం దూరంలో ఉన్నారు, నాలుగోది, చివరి ప్రయత్నం, మావాళ్లు గోడలా నిలబడి ఆపేశారు. ఆ రోజు మా క్వార్టర్‌బ్యాక్ మటీర్. మమ్మల్ని వదిలి పెద్ద కాన్ఫరెన్స్‌కి వెళ్లినవాళ్ల మీద, మిగిలిపోయిన మావాళ్లతో కలిసి గెలిచాడు. కప్ప అన్నతను అది చూసి ఏమీ అనలేదు. మా అక్కకి కూడా పంపాను. ఆట తనకి తెలియదు, "మీ ఊరి జెండా ఏ రంగు?" అని మాత్రం అడిగింది. ఎరుపూ బూడిద రంగూ అని చెప్పాను. ప్రతి శనివారం టీవీలో గేమ్‌డే కార్యక్రమం ఏ ఊళ్లో జరిగినా, మేం ఆడినా ఆడకపోయినా, మావాళ్లెవరో ఒకరు మా జెండా పట్టుకుని వెనకాల ఊపుతుంటారు. 2003 నుంచీ ఒక్క వారం తప్పలేదు. ఆటగాళ్లు మారినా, కోచ్‌లు మారినా.

ఇక దెప్పలుగ దగ్గర, మా నాన్న పుస్తకం ఇంకా ఒంగోలులో అక్క ఇంట్లోనే ఉందట. అట్ట లేదట, వెతికి ఫోటో పెడతానంది.

తిరుచానూరు వాసి:
ఫోటో వచ్చినా అచ్చుతప్పు అనేవాళ్లు ఉంటారు, సిద్ధంగా ఉండండి. అది దెప్పలుగానే.

సవరణ సత్యం:
దెప్పలుగానే. పడవ మాత్రం కాదు.