కప్పుల్లో ఉన్న కేక్ కొలతల్ని గ్రాముల్లోకి మార్చేదెలా?

కావలి కోడలు:
పాప పుట్టినరోజుకి చాక్లెట్ కేక్ ఇంట్లోనే చేద్దామనుకుంటున్నానండి. రెసిపీ అమెరికా వాళ్లది, అన్నీ కప్పుల్లోనే ఉన్నాయి. మైదా కప్పున్నర, పంచదార కప్పు, కోకో పావు కప్పు, నూనె కప్పులో మూడో వంతు, నీళ్లు కప్పు, ఇంకా సోడా, వెనిగర్. నా దగ్గర కాటా ఉంది గానీ కొలత కప్పులు లేవు, ఇంట్లో స్టీలు గ్లాసులేమో దేని సైజు దానిదే. కప్పుకి ఇన్ని గ్రాములని ఒక్క లెక్క చెబితే అన్నిటికీ అదే వాడతా. చుట్టాలొస్తారు, రెండింతలు చెయ్యాలి.

నెల్లూరు కేకులు:
ఒకే లెక్క కుదరదమ్మా. సోలెడు బియ్యం, సోలెడు బొరుగులు ఒకే బరువు తూగవు కదా, ఇదీ అంతే. కప్పు మైదా 120 గ్రాములైతే పంచదార 200, కోకో 85, వెన్న 227. నీ రెసిపీకి మైదా 180, పంచదార 200, కోకో 21, నీళ్లు 240 వేసుకో. నూనె నీళ్లకన్నా తేలిక, 80 మి.లీ. వస్తుంది కానీ కాటా మీద 73 గ్రాముల దగ్గరే ఆపెయ్. గిన్నె కాటా మీద పెట్టి సున్నా చేసి ఒకదాని తర్వాత ఒకటి అందులోనే తూచుకోవచ్చు. పంచదార మిక్సీ పట్టినా 200 గ్రాములు 200 గ్రాములే, కప్పుతో కొలిస్తేనే లెక్క తప్పేది.

ఒంగోలు వంటిల్లు:
అక్కా, మిగతావన్నీ సరే, మైదా దగ్గర మాత్రం ఆగండి. స్పూనుతో వదులుగా నింపి చాకుతో అంచుకి సమంగా గీస్తే 120, అదే కప్పుని డబ్బాలో ముంచి తీస్తే పిండి అదుముకుపోయి 140 కూడా దాటుతుంది. కప్పున్నరకి 30 గ్రాములకు పైగా తేడా అంటే కేక్ పొడిపొడిగా, గట్టిగా అయిపోతుంది. అందుకని రెసిపీ రాసినవాళ్లు పిండి ఎలా కొలుస్తారో ముందు చూడండి, ఎక్కడా చెప్పకపోతే 125తో మొదలుపెట్టండి. ఇంకోటి, అమెరికా కప్పు దాదాపు 237 మి.లీ., ఆస్ట్రేలియా వాళ్లది 250, వాళ్ల టేబుల్ స్పూను కూడా మనం వాడే 15 కాదు, 20 మి.లీ. ఏ దేశం రెసిపీయో చూడకుండా మార్చొద్దు.

కావలి కోడలు:
చాలా థాంక్సండి. మరి సోడా ఒక టీ స్పూనని ఉంది, అదీ తూచాలా? వానలకి మైదా ఉండలు కడుతోంది, జల్లించాక తూచాలా ముందే తూచాలా?

ఒంగోలు వంటిల్లు:
జల్లించడం ముందైనా తర్వాతైనా బరువు ఒకటే, జల్లెడలో మిగిలిన ఉండల్ని మాత్రం చిదిమి అందులోనే కలిపెయ్యండి. సోడా తూచొద్దు. ఇంటి కాటాలు ఒక్కో గ్రామే చూపిస్తాయి, టీ స్పూను సోడా ఐదారు గ్రాములే, అందులో ఒక గ్రాము ఎక్కువైనా సబ్బు రుచి రావచ్చు. 5 మి.లీ. కొలత స్పూను ఒకటి కొనుక్కోండి, కాఫీ కలిపే స్పూను వద్దు.

నెల్లూరు కేకులు:
రెండింతలకి అన్నీ రెట్టింపే, సోడాతో సహా. కానీ అంతా ఒక్క లోతైన టిన్నులోనే పొయ్యకు, నడుమ పచ్చిగా ఉండి అంచులు మాడతాయి. రెండు టిన్నుల్లో సగం సగం, అదీ కాటా మీదే తూచి పోస్తే రెండూ ఒకేసారి ఉడుకుతాయి.