ఏ బీరు ఏ దేశానిది? బెజవాడ ఎండకు ఏది నప్పుతుంది?

పటమట: లాగర్, స్టౌట్, వీట్ బీరు అని సీసాల మీద రకరకాలుగా రాస్తున్నారు. ఏది ఎక్కడ పుట్టింది? మే నెల ఎండలకు ఏది మంచిది?

బ్రాడీపేట: ముందు సీసాలను ఎండలో ఉంచే దుకాణాలకు వెళ్ళడం మానండి. మా వీధి చివర పెట్టెలు గుమ్మం బయటే ఉంటాయి. ఆకుపచ్చ సీసా మూత తీస్తే ముక్కు మూసుకోవలసి వచ్చింది. వెలుతురు తగిలితే బీరులో చేదు కోసం వేసే పూలైన హాప్స్‌లోని చేదు పదార్థం విరిగి ఆ కంపు పుడుతుంది. గోధుమరంగు సీసా అయితే చాలావరకు కాపాడుతుంది.

గవర్నరుపేట: లాగర్ అంటే జర్మనీ. అందులో చర్చేముంది?

సత్యనారాయణపురం: ఉంది. మనం తాగే లేత పసుపు లాగర్లకు మూలం పిల్స్‌నర్. అది 1842లో బొహీమియాలోని పిల్జెన్‌లో పుట్టింది. నేడు అది చెక్ దేశం.

గవర్నరుపేట: దాన్ని కాచిన యోసెఫ్ గ్రోల్ జర్మనీలోని బవేరియా మనిషి. లాగర్‌ను చల్లగా, అడుగున పులియబెట్టే పద్ధతీ బవేరియాదే. ఇంకేం మిగిలింది?

సత్యనారాయణపురం: నీరు మిగిలింది! పిల్జెన్ ఖనిజాలు తక్కువగా ఉండే మెత్తని నీరు, బొహీమియాలోని జాటెక్ ఊరి హాప్స్ లేకపోతే గ్రోల్ ఏం చేసేవాడు? నేను బీరు కాచేచోట పనిచేసినవాణ్ణి. నీరు మారితే చేదు ఎంత మొరటుగా తయారవుతుందో నా నాలుకకు తెలుసు. గుంటూరు మిరపకాయలతో పొరుగు జిల్లావాడు పచ్చడి నూరితే మిరప వాళ్ళదైపోతుందా?

గవర్నరుపేట: పనిచేశానంటే చరిత్ర మారదండీ. బార్లీ, హాప్స్, నీరు తప్ప మరేదీ వాడరాదని 1516లోనే శాసించింది బవేరియా.

సత్యనారాయణపురం: ఆ శాసనంలో బీరును పులియబెట్టే ఈస్టు ఊసే లేదు. చదివి మాట్లాడండి.

అరండల్‌పేట: ఇద్దరూ కాస్త ఆగండి. గోంగూర మాంసంతో ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) మాత్రం వద్దు. ఆ ఇంగ్లండ్ రకంలో హాప్స్ ఎక్కువ, కారానికి ఆ చేదు తోడైతే నోరు భగ్గుమంటుంది. గోధుమతో చేసే బవేరియా వీట్ బీరు హాయి. అందులో లవంగం, అరటిపండు వాసనలు ఈస్టువే, విడిగా ఏమీ వేయరు. బెల్జియం విట్‌బియర్‌లో మాత్రం ధనియాలు, నారింజ తొక్క నిజంగానే వేస్తారు.

కృష్ణలంక: స్టౌట్‌ను అందరూ వదిలేశారు! లండన్ పోర్టర్ అనే ముదురు రంగు బీరు నుంచి వచ్చిన రకం అది. ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో ఆర్థర్ గిన్నిస్ 1759లో బీరు కాచేచోటును 9,000 ఏళ్ళకు కౌలు రాయించుకున్నాడు. నల్లగా ఉంటే ఘాటు అనుకోకండి. ఆ నలుపు మాడ్చిన బార్లీది. గిన్నిస్ డ్రాట్‌లో ఆల్కహాల్ 4.2 శాతమే, మన స్ట్రాంగ్ బీర్లలో అంతకంటే చాలా ఎక్కువ.

గవర్నరుపేట: వీట్ బీరైనా బవేరియాదని ఒప్పుకున్నారు, సంతోషం.

సత్యనారాయణపురం: అది మీదే, కాదనను. పిల్స్‌నర్ జోలికి మాత్రం రాకండి.